విడాకుల కేసు నడుస్తోందా..? పాస్‌వర్డ్ ఒక్కటే మారిస్తే సరిపోదు.. ఫోన్‌లో ఇవీ చూసుకోండి!

ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులు రోజూ మెసేజ్‌లు పెడుతుంటాయి. కానీ భార్యాభర్తల మధ్య ఆ రూల్ ఉండదు. ఫోన్ పిన్, ఏటీఎం పిన్, మెయిల్ పాస్‌వర్డ్.. అన్నీ ఇద్దరికీ తెలిసే ఉంటాయి. కాపురం సాఫీగా సాగినన్నాళ్లు అది నమ్మకం. కేసు కోర్టుకెక్కాక మాత్రం అదే చిక్కు. లాయర్‌తో చేసిన చాట్, బ్యాంకు బ్యాలెన్స్, మీరు ఎక్కడున్నారో చెప్పే లొకేషన్.. అన్నీ అవతలివారికి తెలిసిపోవచ్చు. మరి ఏం చేయాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు మెయిల్.. తర్వాతే మిగతావి

ఫేస్‌బుక్, ఇన్‌స్టా లాంటి చాలా అకౌంట్ల పాస్‌వర్డ్ మార్చే లింక్ మెయిల్‌కు రావొచ్చు. కాబట్టి మొదట దాన్నే కాపాడుకోవాలి. పాస్‌వర్డ్ మార్చగానే పని అయిపోయిందనుకోవద్దు. రికవరీ నంబర్ భర్తదో, భార్యదో అయితే కోడ్ వాళ్లకే వెళ్తుంది. గూగుల్ అకౌంట్‌లో సెక్యూరిటీలోకి వెళ్లి రికవరీ ఫోన్, రికవరీ మెయిల్ మార్చండి. అక్కడే ‘యువర్ డివైజెస్’లో ఏయే ఫోన్లు, ల్యాప్‌టాప్‌లలో లాగిన్ అయి ఉందో కనిపిస్తుంది. మీవి కానివాటిని సైన్ అవుట్ చేసేయండి. మ్యాప్స్‌లో లొకేషన్ షేరింగ్, ఫొటోస్‌లో పార్ట్‌నర్ షేరింగ్ ఆన్‌లో ఉన్నాయేమో చూడండి.

వాట్సాప్‌, వేలిముద్ర మర్చిపోవద్దు

వాట్సాప్‌ను మీ ఫోన్‌తో పాటు మరో 4 డివైజ్‌లలో వాడొచ్చు. ఇంట్లో కంప్యూటర్‌లో ఎప్పుడో ఓపెన్ చేసి వదిలేస్తే.. మీ చాట్ అక్కడ కనిపిస్తూనే ఉంటుంది. ‘లింక్డ్ డివైజెస్’లో చూసి లాగ్ అవుట్ చేయండి. టూ స్టెప్ వెరిఫికేషన్‌లో 6 అంకెల పిన్ పెట్టుకోండి. పెళ్లిరోజు, పిల్లల పుట్టినరోజు తేదీలు మాత్రం వద్దు! ఫోన్ లాక్‌లో అవతలివారి వేలిముద్ర సేవ్ అయి ఉంటే డిలీట్ చేయండి. అది ఉన్నంతవరకు పిన్ మార్చినా ఫోన్ తెరుచుకుంటుంది. ఐఫోన్ వాడేవాళ్లకు ఐఓఎస్ 16 నుంచి ‘సేఫ్టీ చెక్’ ఉంది. ఎవరితో ఏం షేర్ అవుతోందో అందులో చూసి ఆపేయొచ్చు.

సిమ్ ఎవరి పేరు మీద ఉంది?

చాలామంది పట్టించుకోని పాయింట్ ఇదే. సిమ్ ఎవరి పేరు మీద ఉంటే డూప్లికేట్ సిమ్ వాళ్లు తీసుకోవచ్చు. అప్పుడు మీ ఓటీపీలన్నీ వాళ్లకే వెళ్తాయి. మీ సిమ్, డెబిట్ కార్డు వివరాలు దొరికితే కొత్త యూపీఐ పిన్ కూడా పెట్టేయొచ్చు. అందుకే మీ పేరు మీద సిమ్ తీసుకుని బ్యాంకులో, ఆధార్‌లో ఆ నంబర్ ఇవ్వండి. పాత కార్డు బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి.

తొందరపడి డిలీట్ చేయొద్దు

కోపంలో పాత చాట్‌లు చెరిపేయొద్దు. బెదిరింపు మెసేజ్‌లు, డబ్బు లావాదేవీలు రేపు మీకే సాక్ష్యం కావొచ్చు. ముందు స్క్రీన్‌షాట్లు, బ్యాకప్ తీసుకోండి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం లాంటివి ఉంటే మరింత జాగ్రత్త. అన్ని సెట్టింగ్స్ ఒక్కసారిగా మారిస్తే అవతలివారికి అనుమానం వస్తుంది. అలాంటప్పుడు నమ్మకమైన వాళ్ల ఫోన్ నుంచి లాయర్‌తోనో, 181 మహిళా హెల్ప్‌లైన్‌తోనో ముందు మాట్లాడండి.

చట్టం ఏం చెబుతోంది?

భార్యాభర్తల మధ్య జరిగిన ఫోన్ సంభాషణను రహస్యంగా రికార్డ్ చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని 2025 జులై 14న సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఫోన్‌లో మీరు అనే ప్రతి మాటా కోర్టు దాకా రావొచ్చు. అలాగని అవతలివారి అకౌంట్లు తెరవడానికి ఇది లైసెన్స్ కాదు. దురుద్దేశంతో ఇతరుల అకౌంట్‌లోకి చొరబడితే ఐటీ చట్టం సెక్షన్ 66 కింద 3 ఏళ్ల వరకు జైలు, 5 లక్షల వరకు జరిమానా పడొచ్చు. ఈ రూల్ ఇద్దరికీ వర్తిస్తుంది.. మీకు కూడా! ఎవరైనా మీ అకౌంట్‌లోకి వచ్చి డబ్బు కాజేస్తే ఆలస్యం చేయకుండా 1930కి కాల్ చేయండి.