ఉచిత వీపీఎన్: ఈ బాడుగ ఎవరు కడుతున్నారు?

కలకడ, గుర్రంకొండ, పీలేరు చుట్టుపక్కల పల్లెల నుంచి కువైట్‌కో దుబాయ్‌కో బతుకుదెరువుకు వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. దుబాయ్‌లో వాట్సాప్ కాల్ కలవదు. అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. ఇంటికి వీడియో కాల్ చేసుకోవాలని తహతహలాడేవాళ్లకు తోటివాళ్లు చెప్పే సలహా ఒకటే: ‘వీపీఎన్ వేసుకో, ఊరకే దొరుకుతుంది’. ఇటు మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో అదే యాప్‌ను తెరుచుకోని సైటు కోసమో, నిషేధించిన ఆట కోసమో, ‘సేఫ్టీ’ కోసమో వేసుకుంటారు. కారణాలు వేరైనా నమ్మకం మాత్రం ఒకటే: పైసా ఖర్చు లేకుండా రక్షణ దొరికిందని. ఈ నమ్మకాన్ని ఒకసారి తరచి చూడాలి. వీపీఎన్ వేసుకుంటే ఎవరినో ఒకరిని నమ్మాల్సిన అవసరం పోదు, నమ్మాల్సిన మనిషి మారతాడు. ఆ కొత్త మనిషి ఎవరో తెలియనప్పుడు ఉచిత వీపీఎన్ రోజువారీ వాడకానికి పనికిరాదు. తెలిసిన సంస్థ ఇచ్చే ఉచిత సేవ కొన్ని పనులకు చాలు. మనలో చాలామందికి, చాలా పనులకు అసలు వీపీఎన్ అక్కరే లేదు. ఎందుకో ఒక్కొక్క అపోహనే తీసుకుని చూద్దాం.

అపోహ: వీపీఎన్ వేసుకుంటే మనం నెట్‌లో ఏం చేస్తున్నామో ఎవరికీ కనపడదు.

వాస్తవం: చూసేవాడు మారతాడు, అంతే. మామూలుగా మన ఫోన్ నుంచి బయల్దేరిన సమాచారం జియో, ఎయిర్‌టెల్, బీఎస్‌ఎన్‌ఎల్ లాంటి కంపెనీ మీదుగా నేరుగా సైటుకు వెళ్తుంది. వీపీఎన్ వేస్తే అదంతా తాళం పడిన దారిలో ముందు వీపీఎన్ వాళ్ల సర్వర్‌కు చేరి, అక్కడ తాళం తెరుచుకుని, ఆ సర్వర్ చిరునామాతో బయటికి పోతుంది. మదనపల్లె మార్కెట్ నుంచి టమాటా క్రేట్లు చెన్నైకి పోతున్నాయనుకోండి. టార్పాలిన్ బిగించి కట్టిన లారీలో ఏముందో చెక్‌పోస్టులో ఉన్నవాళ్లకు కనపడదు. దారిలో ఒక గోదాము దగ్గర సరుకు దించి వేరే లారీకి ఎక్కించేవాడికి మాత్రం ఏ క్రేటు ఎవరిది, ఎక్కడికి పోతోంది అన్నది పూర్తిగా తెలుస్తుంది. వీపీఎన్ కంపెనీ ఆ గోదాము యజమాని. ఈ సంగతి ఆండ్రాయిడ్ ఫోన్ మనకు ముందే చెబుతుంది. వీపీఎన్ యాప్ మొదటిసారి తెరవగానే ఒక చిన్న పెట్టె వస్తుంది: ఈ యాప్ మీ నెట్‌వర్క్ రాకపోకలను గమనించగలదు, నమ్మకం ఉంటేనే ఒప్పుకోండి, ఇది నడుస్తున్నంతసేపూ స్క్రీన్ పైభాగాన తాళంచెవి బొమ్మ కనిపిస్తుంది అని. చదవకుండా ‘సరే’ నొక్కేస్తాం. ఫోన్‌లో మనం ఇచ్చే అనుమతుల్లో దీనంత పెద్దవి కొన్నే ఉంటాయి.

‘మరి జియో, ఎయిర్‌టెల్ మాత్రం నమ్మదగినవా?’ అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. వాటిని కళ్లు మూసుకుని నమ్మమని ఎవరూ చెప్పరు. అయితే వాటికి మన దేశంలో లైసెన్సు ఉంది, ఆఫీసు ఉంది, నియంత్రించే సంస్థగా ట్రాయ్ ఉంది, తప్పు చేస్తే నిలదీయడానికి కోర్టు ఉంది. యజమాని పేరు, ఊరు, దేశం ఏదీ తెలియని యాప్‌ను ఎక్కడికి వెళ్లి నిలదీస్తాం? ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇప్పుడు బ్యాంకులు, యూపీఐ యాప్‌లు, పేరున్న సైట్లు దాదాపు అన్నీ హెచ్‌టీటీపీఎస్ పద్ధతిలో నడుస్తాయి. అంటే క్రేటుకు ముందే మూత పెట్టి మేకులు కొట్టి ఉంటాయి. కుప్పం రైల్వే స్టేషన్ లాంటి చోట కూర్చుని ఉచిత వైఫై మీద బ్యాంకు యాప్ తెరిచినా మన పిన్, పాస్‌వర్డ్ పక్కవాడు దారిలో చదవలేడు. పబ్లిక్ వైఫైలో వీపీఎన్ లేకపోతే అంతా బట్టబయలే అన్న మాట పదేళ్ల కిందట చాలావరకు నిజం. ఇప్పుడు మిగిలిన ప్రమాదం మనం ఏ సైట్లకు వెళ్తున్నామో తెలిసిపోవడం. అనామక వీపీఎన్ చేతిలో మనం పెట్టేది సరిగ్గా ఆ జాబితానే.

అపోహ: వాళ్లు ప్రకటనలతో సంపాదించుకుంటారు, మనకు పోయేదేముంది?

వాస్తవం: సర్వర్లకు అద్దె ఉంటుంది, బ్యాండ్‌విడ్త్‌కు బిల్లు వస్తుంది, ఇంజినీర్లకు జీతాలివ్వాలి. లక్షలమందికి ఈ లారీ ఊరకే నడుస్తోందంటే బాడుగ ఎక్కడి నుంచో రావాలి. అది ఎక్కడి నుంచి వచ్చిందో కొన్ని కేసుల్లో బయటపడింది. ఫేస్‌బుక్ 2013లో ఒనావో అనే కంపెనీని కొన్నది. దాని ఉచిత వీపీఎన్ ‘మీ సమాచారాన్ని కాపాడతాం’ అని ప్రచారం చేసుకుంది. జనం ఏ యాప్ ఎంతసేపు వాడుతున్నారో దాని ద్వారానే సేకరించి, పోటీ కంపెనీల ఎదుగుదలను అంచనా వేసుకునేందుకు వాడుకున్నారు. 2018లో ఆపిల్ తన స్టోర్ నుంచి దాన్ని తీసేయించింది. ఈ ప్రచారం జనాన్ని తప్పుదోవ పట్టించిందంటూ 2023 జులైలో ఆస్ట్రేలియా కోర్టు ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా అనుబంధ సంస్థలకు మొత్తం 2 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా వేసింది. అంత పేరున్న కంపెనీ చేతిలోని ఉచిత వీపీఎన్ సంగతే ఇది.

పేరు లేనివాటి సంగతిని ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్‌ఐఆర్‌ఓ నిపుణులు, ఇతర విశ్వవిద్యాలయాల పరిశోధకులతో కలిసి 2016లో వెలుగులోకి తెచ్చారు. 283 ఆండ్రాయిడ్ వీపీఎన్ యాప్‌లను విప్పి చూస్తే 75 శాతం వాటిలో మన కదలికలను గమనించే ఇతర కంపెనీల కోడ్ ఉంది. 38 శాతం యాప్‌లలో హానికర సాఫ్ట్‌వేర్ ఆనవాళ్లు కనిపించాయి. 18 శాతం యాప్‌లు సమాచారానికి అసలు తాళమే వేయడం లేదు. 84 శాతం యాప్‌లు ఐపీవీ6 అనే కొత్త తరం చిరునామాలతో సాగే రాకపోకలను వీపీఎన్ దారి తప్పించి బయటికి వదిలేస్తున్నాయి. ఈ చివరి అంకె దగ్గర మనం ఆగాలి. జియో నెట్‌వర్క్ ఎక్కువగా నడిచేదే ఐపీవీ6 మీద. అలాంటి యాప్ వేసుకున్న జియో వినియోగదారుడికి పైన తాళంచెవి బొమ్మ కనపడుతూనే ఉంటుంది, సమాచారం మాత్రం పక్క సందులోంచి పోతూనే ఉంటుంది. పదేళ్ల నాటి లెక్క కదా అంటారా? అప్పటి లోపాలు కొన్ని యాప్‌లు సరిదిద్దుకుని ఉండవచ్చు. కానీ 2020 జులైలో యూఎఫ్ఓ వీపీఎన్, మరో ఆరు ఉచిత వీపీఎన్‌ల సర్వర్ ఒకటి తాళం లేకుండా నెట్‌లో దొరికింది. అందులో 1.2 టెరాబైట్ల రికార్డులు ఉన్నాయి. ‘మేం ఏ వివరాలూ దాచుకోం’ అని చెప్పుకున్న ఆ సేవల దగ్గరే పాస్‌వర్డులు, ఐపీ చిరునామాలు, ఎవరు ఎప్పుడు కనెక్ట్ అయ్యారన్న వివరాలు పోగుపడి ఉన్నాయి. రాసుకోం అన్నవాడి దగ్గరే చిట్టా దొరికితే, ఆ మాటకు ఇక విలువేముంది?

అపోహ: నా ఫోన్‌లో దోచుకోవడానికి ఏముంది? తెలిస్తే తెలిసింది.

వాస్తవం: దోచుకోవడానికి మీ దగ్గర ఏమీ లేకపోయినా, వాడుకోవడానికి మీ ఇంటర్నెట్ చిరునామా (ఐపీ) ఉంది. ఈ విషయంలో ఎక్కువమందికి తెలియని ప్రమాదం ఇదే. హోలా అనే ఉచిత వీపీఎన్ ఉచితంగా వాడుకునేవాళ్ల కంప్యూటర్లనే బయటికి పోయే దారిగా మార్చి, ఆ దారిని లుమినాటి అనే సేవ పేరుతో ఇతరులకు అమ్ముతోందని 2015లో తేలింది. అంటే లారీ ఊరకే ఇచ్చినట్టే ఇచ్చి, మన ఇంటి ముందు వాకిలిని మనకు తెలియకుండా బాడుగకు ఇచ్చారన్నమాట. ఇంకా ఘోరమైనది 911 ఎస్5 అనే నెట్‌వర్క్. 2024 మే నెలలో అమెరికా న్యాయశాఖ దీన్ని మూయించి, నిర్వాహకుణ్ని అరెస్టు చేసినట్టు ప్రకటించింది. మాస్క్ వీపీఎన్, డ్యూ వీపీఎన్ లాంటి ఉచిత ప్రోగ్రాముల ద్వారా జనం కంప్యూటర్లలోకి దూరి, దాదాపు 200 దేశాల్లో 1.9 కోట్లకు పైగా ఐపీ చిరునామాలను గుప్పిట్లో పెట్టుకుని నేరగాళ్లకు అద్దెకిచ్చారు. వాటి మాటున కరోనా సాయం పేరిట జరిగిన మోసాల్లో ఒక్క అమెరికాకే 590 కోట్ల డాలర్లకు పైగా నష్టం వాటిల్లిందని అధికారులు లెక్కగట్టారు. ఇలాంటి నేరం జరిగినప్పుడు దర్యాప్తు మొదట చేరేది నేరగాడి గుమ్మానికి కాదు, ఆ చిరునామా ఎవరి పేరున ఉందో వాళ్ల గుమ్మానికి. సిమ్ మన ఆధార్‌తో తీసుకున్నది. ‘నాకేం తెలియదు సార్’ అని నిరూపించుకునే భారం ఒక మామూలు కుటుంబానికి చిన్నది కాదు.

అపోహ: వీపీఎన్ ఉంటే సైబర్ మోసగాళ్లు మన జోలికి రాలేరు.

వాస్తవం: మన ప్రాంతంలో డబ్బు పోగొట్టుకున్నవాళ్ల సమాచారాన్ని ఎవరూ దారికాచి దోచుకోవడం లేదు. ట్రాఫిక్ చలానా అనో, పీఎం కిసాన్ అనో వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే (ఆండ్రాయిడ్ యాప్) ఫైలు నొక్కినందుకు డబ్బు పోతోంది. ఓటీపీ చెప్పినందుకు పోతోంది. ‘డిజిటల్ అరెస్ట్’ అని బెదిరిస్తే భయపడి పంపినందుకు పోతోంది. వీటిలో ఒక్కదాన్నీ వీపీఎన్ ఆపదు. మీరు మీ చేత్తో ఇచ్చిన ఓటీపీ తాళం పడిన దారిలో మరింత భద్రంగా మోసగాడికి చేరుతుంది, అంతే తేడా. పైగా చాలా బ్యాంకు యాప్‌లు విదేశీ సర్వర్ నుంచి వస్తున్నట్టు కనపడితే అనుమానించి లావాదేవీ ఆపేస్తాయి. ప్లే స్టోర్‌లో కాకుండా టెలిగ్రామ్‌లో దొరికిన ‘ప్రీమియం ఉచితం’ వీపీఎన్ అయితే అదే ఒక ఏపీకే మోసం కావచ్చు.

అపోహ: వీపీఎన్‌తో నిషేధాలన్నీ దాటవచ్చు, పోలీసులకు దొరకం.

వాస్తవం: నెట్టే లేని చోట వీపీఎన్ నడవదు. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక కోనసీమలో రోజుల తరబడి మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. రోడ్డే తవ్వేసినప్పుడు లారీకి ఎంత టార్పాలిన్ కట్టి ఏం లాభం? ఇక ఆన్‌లైన్ రమ్మీ, పేకాట సంగతి. ఆంధ్రప్రదేశ్ 2020లోనే గేమింగ్ చట్టాన్ని సవరించి వీటిని నిషేధించింది. 2025లో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలపై దేశమంతటికీ చట్టం చేసింది. వీపీఎన్ ఫోన్ ఉన్న చోటును మార్చి చూపిస్తుందే తప్ప చట్టాన్ని మార్చదు. డబ్బు వేసేది మన యూపీఐ నుంచే, తీసుకునేది మన ఖాతాలోకే. ఆ ఆనవాలు ఏ వీపీఎన్ చెరపలేదు. పోగొట్టుకున్న డబ్బు గురించి ఫిర్యాదు చేయడానికి కూడా నోరు రాని పరిస్థితి మాత్రం తెచ్చిపెడుతుంది. యూఏఈలో ఉన్న మనవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ వీపీఎన్ ఉండటమే నేరం కాదు. కానీ 2021 నాటి సైబర్ నేరాల చట్టం ప్రకారం నేరం చేయడానికో, దాన్ని దాచడానికో ఐపీ చిరునామా మార్చుకుంటే జైలు, 5 లక్షల నుంచి 20 లక్షల దిర్హామ్‌ల వరకు జరిమానా ఉన్నాయి. కాల్ కోసం బోటిమ్ లాంటి అనుమతి ఉన్న యాప్‌లు ఉండగా ఆ ముప్పు తలకెత్తుకోవడం వివేకం కాదు.

మన దేశంలో ఇంకో మలుపు ఉంది. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల పేర్లు, చిరునామాలు, ఫోన్ నంబర్లు లాంటి వివరాలు ఐదేళ్లు దాచాలి. ఇది పౌరుల గోప్యతకు దెబ్బ అన్న అభ్యంతరం సరైనదే, దానిపై చర్చ జరగాల్సిందే. ఎక్స్‌ప్రెస్ వీపీఎన్, నార్డ్ వీపీఎన్, సర్ఫ్‌షార్క్ లాంటివి అప్పుడే ఇండియాలోని తమ సర్వర్లు తీసేశాయి. వివరాలు దాచం అన్న మాట నిలబెట్టుకోవాలనుకున్న కంపెనీ లాభాల మార్కెట్‌లో సర్వర్లనే వదులుకోవాల్సి వచ్చింది. ఏ జవాబుదారీ లేని ఉచిత యాప్ అదే మాట ఒక్క లైనులో రాసేస్తే ఎలా నమ్ముతాం?

అపోహ: ఉచితమైనవన్నీ మోసమే, డబ్బు కడితే అన్నీ మంచివే.

వాస్తవం: రెండూ తప్పే. ప్రోటాన్ వీపీఎన్ ఉచిత సేవకు డేటా పరిమితి లేదు, ప్రకటనలు లేవు. డబ్బు కట్టే ఖాతాదారుల సొమ్ముతో అది నడుస్తుంది. తన యాప్‌లను, విధానాన్ని బయటి ఆడిటర్ల చేత తనిఖీ చేయించి ఫలితాలు బయటపెడుతుంది. బదులుగా ఒక్క పరికరానికే పనిచేస్తుంది, కావాల్సిన దేశాన్ని ఎంచుకోనివ్వదు. విండ్‌స్క్రైబ్ నెలకు కొంత డేటా వరకే ఉచితంగా ఇస్తుంది. ఇక్కడ బాడుగ ఎవరు కడుతున్నారో కళ్ల ముందే ఉంది. ఇక డబ్బు కట్టినంత మాత్రాన భరోసా లేదు. వాడకం వివరాలు దాచుకోం అని చెప్పుకున్న ప్యూర్ వీపీఎన్ రికార్డులే 2017లో అమెరికాలో ఒక నిందితుణ్ని పట్టివ్వడానికి ఉపయోగపడ్డాయి. ఆ కేసులో న్యాయం జరిగి ఉండవచ్చు, కానీ ప్రకటనలో చెప్పింది నిజం కాదని తేలింది. కాబట్టి అడగాల్సింది ధర కాదు. యజమాని ఎవరు, ఖర్చు ఎవరు భరిస్తున్నారు, మాటకు సాక్ష్యం ఏమిటి అన్న మూడు ప్రశ్నలు.

ఫోన్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ విభాగం తెరిచి వీపీఎన్ అన్న చోట ఏ పేరు ఉందో ఇవాళే చూడండి. ఆ మూడు ప్రశ్నలకు జవాబు దొరకకపోతే ఆ యాప్ తీసేయండి. మీ పిల్లల ఫోన్‌లోనూ, గల్ఫ్‌లో ఉన్న మీవాళ్ల ఫోన్‌లోనూ తీయించండి. గోప్యత కావాలనుకోవడం తప్పు కాదు, అది ప్రతి పౌరుడి హక్కు. జర్నలిస్టుకో, వేధింపులకు భయపడే మహిళకో మంచి వీపీఎన్ నిజంగా అవసరం కావచ్చు. వాళ్లు తెలిసిన సంస్థ సేవే తీసుకోవాలి. మిగతావాళ్లకు తాజా అప్‌డేట్లు వేసుకున్న ఫోన్, ఎవరికీ చెప్పని ఓటీపీ, తెలియని ఏపీకే జోలికి పోని అలవాటు ఏ ఉచిత వీపీఎన్ కన్నా ఎక్కువ కాపాడతాయి. ఒకవేళ డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోన్ చేయండి.