తనకు మాలిన ధర్మం: ఉన్నంతలో ఇవ్వడం ఎలా?

'తనకు మాలిన ధర్మం మొదలు చెడ్డ బేరం' అనే సామెత మీలో చాలామంది వినే ఉంటారు. చందా పుస్తకం పట్టుకుని ఎవరైనా గుమ్మంలోకి వచ్చినప్పుడు, ఇవ్వడం ఇష్టం లేనివాళ్ళు దీన్ని వాడుతుంటారు. అందువల్ల దీనికి పిసినారి సామెత అని పేరు పడింది. కాని మాటలను విడదీసి చూడండి. ఇక్కడ 'మొదలు' అంటే ఆరంభం కాదు. వ్యాపారి పెట్టుబడి, అసలు. లాభం రాకపోగా అసలుకే నష్టం తెచ్చే వ్యాపారం మొదలు చెడ్డ బేరం. అసలు పోగొట్టుకున్న వర్తకుడు మర్నాడు దుకాణం తెరవలేడు. ఇవ్వవద్దని ఈ సామెతలో ఎక్కడా లేదు. రేపు కూడా ఇవ్వగలిగేటట్టు ఇవ్వమని ఉంది.

ఈ పాఠం ఆ 'రేపు' గురించే. ధనరూపంలోనైనా, శ్రమరూపంలోనైనా మనం చేసే సహాయాన్ని సాధారణంగా పరిమాణంతో కొలుస్తాం. ఎంత ఇచ్చారు, ఎన్ని గంటలు పనిచేశారు అని అడుగుతాం. పుచ్చుకునేవారి వైపు నుంచి చూస్తే ముందు వచ్చే ప్రశ్న వేరు: దీని మీద ఆధారపడవచ్చా? మన శక్తికి లోబడి ఇచ్చినప్పుడే ఈ ప్రశ్నకు 'ఔను' అని చెప్పగలం.

రక్తదానం నేర్పే లెక్క

శక్తికి మించి ఇవ్వబోతే నియమమే అడ్డుపడే దానం ఒకటుంది. అది రక్తదానం. మన దేశంలో 18 నుంచి 65 ఏళ్ళ వయసు, కనీసం 45 కిలోల బరువు, డెసిలీటరు రక్తంలో 12.5 గ్రాముల హిమోగ్లోబిన్ ఉన్న ఆరోగ్యవంతుల నుంచే రక్తం తీసుకుంటారు. ఒకసారి ఇచ్చిన తరువాత పురుషులు 90 రోజులు, స్త్రీలు 120 రోజులు ఆగాలి. ఎంత ఉదారుడైనా సరే, ఆ గడువు తగ్గదు.

రెండో వైపు, సేకరించిన రక్తం ఎంతకాలం నిలవ ఉంటుందో చూడండి. ఎర్ర రక్తకణాలను శీతలీకరణలో సుమారు 35 నుంచి 42 రోజుల వరకు ఉంచవచ్చు. ప్లేట్‌లెట్లయితే దాదాపు 5 రోజులే. ఇప్పుడు ఒక చిన్న పట్టణాన్ని ఊహించుకోండి. అక్కడి రక్తనిధికి ఆరు వారాలకు 200 యూనిట్లు కావాలనుకుందాం. ఒక నాయకుడి పుట్టినరోజున ఒకేరోజు 500 మంది రక్తమిచ్చారు. ఫొటోలు బాగా వచ్చాయి. మిగిలిన 300 యూనిట్లు వేరే ఊరికి చేరకపోతే గడువు తీరి పారబోయాలి. పైగా ఆ 500 మందీ మూడు నెలలదాకా మళ్ళీ ఇవ్వలేరు. ఈలోగా మే నెల వస్తుంది, కళాశాలలకు సెలవులు ఇస్తారు, శిబిరాలు ఉండవు. అవసరం మాత్రం సెలవు తీసుకోదు.

తలసీమియా ఉన్న పిల్లలను చూస్తే ఈ విషయం ఇంకా స్పష్టమవుతుంది. శరీరంలో హిమోగ్లోబిన్ సరిగా తయారుకాని ఈ జన్యువ్యాధి తీవ్రరూపంలో ఉన్నవారికి రెండు నుంచి నాలుగు వారాలకొకసారి రక్తం ఎక్కించాలి. ఇలాంటి పిల్లల కోసమే హైదరాబాదులో 1998లో తలసీమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ ఏర్పడింది. ఆ పిల్లవాడికి ఒకరోజు వచ్చిన 500 మందితో పనిలేదు. ఏడాది పొడవునా, వంతులవారీగా, తప్పకుండా వచ్చే కొద్దిమంది చాలు. ఏడాదికి రెండుసార్లు, అందులో ఒకసారి వేసవిలో రక్తమిచ్చే మనిషి ఈ లెక్కలో చాలా పెద్ద దాత. అతని ఫొటో ఎక్కడా రాదు, అది వేరే సంగతి.

గుప్పెడు బియ్యం

ధనుర్మాసంలో హరిదాసు తలమీద అక్షయపాత్రతో వాకిట్లోకి వస్తే పిల్లల చేత గుప్పెడు బియ్యం వేయించడం మన పల్లెల్లో పాత అలవాటు. ఆ గుప్పెడు ఏ ఇంటికీ భారం కాదు. అలవాటు నెల రోజులకే పరిమితం కాకుండా ఏడాదంతా సాగితే ఏమవుతుందో మిజోరంలో చూడవచ్చు. అక్కడి ప్రెస్‌బిటేరియన్ చర్చి స్త్రీలు 1910 ప్రాంతంలో ఒక పద్ధతి మొదలుపెట్టారు. వంటకు బియ్యం కొలిచిన ప్రతిసారీ ఒక గుప్పెడు తీసి వేరే పాత్రలో వేస్తారు. దాన్ని సేకరించి, అమ్మి, వచ్చిన సొమ్మును సేవాకార్యక్రమాలకు వాడతారు. వందేళ్ళు దాటినా అది నడుస్తోంది, ఇప్పుడు ఏటా కోట్ల రూపాయలు సమకూరుస్తోంది.

లెక్క మీరే వేయండి. గుప్పెడు 50 గ్రాములనుకుంటే రోజుకొకసారి చొప్పున నెలకు ఇంటికి కిలోన్నర. 200 గడపలున్న ఊళ్ళో 300 కిలోలు. ఎవరి కంచంలోనూ మెతుకు తగ్గదు. నాకు ఇందులో నచ్చేది మొత్తం కాదు, సమయం. బియ్యం పొయ్యి మీదికి వెళ్ళకముందే గుప్పెడు పక్కకు వెళుతుంది. మిగిలితే చూద్దాం అనుకుంటే ఏ ఇంట్లోనూ ఏదీ మిగలదు.

ఇక్కడ మీలో కొందరు అడగవచ్చు: డొక్కా సీతమ్మ గారు ఇలా లెక్కలు చూసుకునే అన్నం పెట్టారా? తరగతిలో నన్ను ఈ ప్రశ్న ఒకటికి రెండుసార్లు అడిగారు. సీతమ్మ (1841-1909) కోనసీమలోని లంకల గన్నవరంలో వేళ కాని వేళలో వచ్చినవారికి కూడా వండి వడ్డించింది. 2000లో గన్నవరం దగ్గర కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు. ఆమె వచ్చినవారిని లెక్కపెట్టలేదు, నిజమే. కాని ఆమె ఇచ్చింది దేన్ని? సొంత పొలంలో పండిన ధాన్యాన్ని, తన చేతి వంటను. ఇచ్చింది ఎక్కడ? గోదావరి పాయలు దాటుతూ ఆకలితో వచ్చే బాటసారుల దారిలోనే ఉన్న తన ఇంట్లో. తన దగ్గర ఏముందో, తన గుమ్మంలో ఏ అవసరం ఉందో రెండూ కలిసిన చోట ఆమె పని చేసింది. ఆమె పొలం మనకు లేదు. ఆ చూపు మాత్రం మనం తెచ్చుకోవచ్చు.

మాట ఇచ్చిన గంటలు

డబ్బు లేదు కాబట్టి సమయం ఇస్తామని చాలామంది విద్యార్థులు అంటారు. మంచిదే. అయితే డబ్బు విషయంలో ఉన్నంత జాగ్రత్త సమయం విషయంలో ఉండదు. ఉచితంగా ఇస్తున్నాం కదా, వీలు కాకపోతే మానేయవచ్చు అనే భావన ఎక్కడో ఉంటుంది.

నేను ఒక అధ్యయన కేంద్రంలో వార్షిక పరీక్షలు చూస్తున్న రోజుల్లో జరిగిన సంగతి చెబుతాను. చూపులేని ఒక అభ్యర్థి చివరి సంవత్సరం చరిత్ర పేపరు రాయాలి. అతను చెబుతుంటే రాసిపెట్టే స్క్రైబ్‌గా ఒక యువకుడు ఒప్పుకున్నాడు. గంట కొట్టారు, ప్రశ్నపత్రాలు పంచారు, యువకుడు రాలేదు. ఫోన్ పలకలేదు. చివరికి మా అటెండరు ఇంటర్ చదివే తన కొడుకును ఇంటినుంచి పిలుచుకొచ్చాడు. అప్పటికి నలభై నిమిషాలు పోయాయి. ఆ పిల్లవాడికి ఆ పాఠ్యాంశంలో మాటలే కొత్త. ప్రతి పేరూ అక్షరం అక్షరం చెప్పించుకున్నాడు. అభ్యర్థి ఆ పేపరు తప్పాడు. మళ్ళీ రాయడానికి ఏడాది ఆగవలసివచ్చింది.

రాని యువకుడు చెడ్డవాడు కాదు. ఎవరడిగినా కాదనలేని మనిషి. ఆ వారంలోనే ఇంకో ఇద్దరికి కూడా ఒప్పుకున్నాడు, తన ఉద్యోగంలో సెలవు దొరకలేదు, ఆ మాట చెప్పడానికి మొహం చెల్లక ఫోన్ కట్టేశాడు. తప్పులో నా భాగమూ ఉంది. అత్యవసరానికి ఇద్దరి పేర్లు ముందే రాసిపెట్టుకోవడం నా పని; నేను చేయలేదు. ఆ రోజు నుంచి నేను స్వచ్ఛంద సేవకు వచ్చేవారిని 'ఎన్ని చేయగలవు?' అని అడగడం మానేశాను. 'ఏది తప్పకుండా చేయగలవు?' అని అడుగుతున్నాను.

మీలో ఎవరైనా ఈ పనికి ముందుకు రావాలనుకుంటే, ముందుగా పరీక్ష నిర్వహించే సంస్థను అర్హత గురించి అడగండి. సాధారణంగా స్క్రైబ్ విద్యార్హత అభ్యర్థి కంటే తక్కువ ఉండాలంటారు. డిగ్రీ చదువుతున్న మీరు అన్ని పరీక్షలకూ పనికిరాకపోవచ్చు. కేంద్ర ప్రభుత్వం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం అభ్యర్థికి గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి. అంటే మూడు గంటల పరీక్షకు మీరు నాలుగు గంటలు కూర్చోవాలి. రానుపోను ప్రయాణం కలిపితే ఒక పూట పూర్తిగా పోతుంది. ముందురోజు అభ్యర్థిని కలిసి, ఆ పాఠ్యాంశంలోని పేర్లు, పదాలు ఒకసారి రాసి చూసుకోండి. పరీక్షలో అతను చెప్పిందే రాయాలి. తప్పు అని తెలిసినా దిద్దకూడదు. ఇది మొదట్లో కష్టంగా ఉంటుంది.

మీ ఇంటి లెక్క

ఇక్కడ ఒక కాగితం తీసుకోండి. నెలకు ఇంటికి వచ్చేది ఒకవైపు, తప్పని ఖర్చులు మరోవైపు రాయండి. అద్దె, వెచ్చాలు, చీటీ వాయిదా, పొదుపు సంఘం అప్పు, మందులు, మీ పరీక్ష ఫీజు. మిగిలినదానిలో కొంత ఆపదకు పక్కన పెట్టండి. ఆ తరువాత కనిపించేదే మీ శక్తి. అది నెలకు వంద రూపాయలు కావచ్చు, ఈ ఏడాదికి సున్నా కూడా కావచ్చు. ఆదాయంలో ఇన్నో వంతు అని అందరికీ ఒకే కొలత పెట్టడం నాకు సమ్మతం కాదు. ఇస్లాంలో జకాత్ రెండున్నర శాతం అని అందరికీ తెలుసు. కాని 'నిసాబ్' అనే కనీస పరిమితికి మించిన సంపద ఏడాదిపాటు నిలిచినవారికే అది విధి అన్న సంగతి అంతగా తెలియదు. విధిగా ఇవ్వమన్న చోట కూడా ముందు శక్తినే చూశారు.

అప్పుచేసి ఇచ్చేదాని సంగతి చూద్దాం. ఊళ్ళో అందరి ముందూ ఒకాయన అన్నదానానికి 5,000 రూపాయలు రాశాడనుకోండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడు. నెలకు వంద, ఏడాదికి 1,200 వడ్డీయే. ఆ వంద ప్రతినెలా భార్య వెచ్చాల డబ్బులోంచి పోతుంది. దాతగా మైకులో చదివింది ఆయన పేరు, ఇచ్చింది ఆమె. ఆమెను ఎవరూ అడగలేదు. కనుక ఇంట్లోవారితో మాట్లాడకుండా చందా ఒప్పుకోకండి.

ఎవరికి ఇస్తున్నారో చూసుకోవడం కూడా ఇందులో భాగమే. జబ్బుపడిన బిడ్డ ఫొటోతో వాట్సాప్‌లో సందేశం వస్తే ఆసుపత్రికి ఫోన్‌చేసి కనుక్కోండి. వీలైతే రోగి పేరున ఆసుపత్రి ఖాతాకే కట్టండి. సంస్థకు ఇస్తే రసీదు అడగండి. పన్ను మినహాయింపుల నియమాలు మీలో చాలామందికి అవసరం రావు.

సహాయం ఆపవలసి వచ్చే రోజు కూడా వస్తుంది. ఉద్యోగం పోవచ్చు, ఇంట్లో జబ్బు చేయవచ్చు. అందులో సిగ్గుపడవలసిందేమీ లేదు, ముందే చెబితే చాలు. ఒక పిల్లవాడి బడి ఫీజు ఒప్పుకుని ఉంటే ఏప్రిల్‌లోనే తెలియజేయండి; జూన్ లోపు వారు మరొకరిని వెతుక్కుంటారు. స్క్రైబ్‌గా వెళ్ళలేకపోతే మీ బదులు వెళ్ళే మనిషి పేరు, విద్యార్హత, ఫోన్ నంబరు కనీసం రెండు రోజుల ముందు అభ్యర్థికీ, పరీక్షా కేంద్రానికీ ఇవ్వండి. కేంద్రంలో అనుమతి మీ పేరున ఉంటుంది కాబట్టి, కొత్త మనిషి పేరు మార్పించుకోవడానికి ఆ రెండు రోజులూ పడతాయి.