హిమాలయాల్లో వేసవి క్రీడలు: వేళ తెలియడమే రక్షణ

వ్యాససంగ్రహం:
మైదాన ప్రాంతాలు ఎండలకు ఉడికిపోయే మే, జూన్ నెలల్లో హిమాలయాల దారులు తెరుచుకుంటాయి. పర్వతారోహణ, ట్రెక్కింగ్, పారాగ్లైడింగ్, రాఫ్టింగ్ వంటి క్రీడలకు అదే అదను. అయితే ఈ క్రీడలన్నిటికీ ఋతువు, రోజులో గంట, శరీరం అలవాటుపడే వ్యవధి అనే మూడు కాలపరిమితులు ఉన్నాయి. హిమాచల్ ప్రదేశ్‌ను ప్రధాన ఉదాహరణగా తీసుకొని, ఆ పరిమితుల వెనుక ఉన్న ప్రకృతి కారణాలను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హిమాలయాలు, వేసవి క్రీడలు, పర్వతారోహణ, పారాగ్లైడింగ్, బియాస్ నది, ఎత్తుకు అలవాటుపడటం.

1. ఉపోద్ఘాతం:
2014 మే 25న నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామానికి చెందిన ఆదివాసీ బాలిక మాలావత్ పూర్ణ పదమూడు సంవత్సరాల పదకొండు నెలల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. ఖమ్మం జిల్లాకు చెందిన సాధనపల్లి ఆనంద్‌కుమార్ కూడా ఆ యాత్రలో శిఖరాన్ని చేరాడు. సరిగ్గా రెండు వారాల తరువాత, జూన్ 8న, హిమాచల్ ప్రదేశ్‌లోని మండీ జిల్లా థలౌట్ వద్ద బియాస్ నదిలో హైదరాబాదు నుండి విహారయాత్రకు వెళ్లిన 24 మంది ఇంజనీరింగ్ విద్యార్థులు, వారి వెంట ఉన్న యాత్రా నిర్వాహకుడు ఒకరు కొట్టుకుపోయారు. ఒకే వేసవిలో, ఒకే పర్వతశ్రేణిలో తెలుగువారికి ఒక గర్వకారణం, ఒక తీరని దుఃఖం మిగిలాయి. ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూస్తే, కొండల్లో వేళ తెలిసి నడవడం ఎంత ముఖ్యమో బోధపడుతుంది.

2. ఋతువు నిర్ణయించే హద్దు:
శీతకాలంలో ఎత్తయిన కనుమలు మంచుతో మూసుకుపోతాయి. మే నుండి మంచు కరిగి దారులు ఏర్పడతాయి. జూన్ చివరికి నైరుతి రుతుపవనాలు హిమాచల్‌ను తాకుతాయి. వర్షాలతో నేల నాని కొండచరియలు విరిగిపడతాయి, వాగులు పొంగుతాయి, మేఘాలు లోయలను కమ్మేస్తాయి. అందుకే ఆ రాష్ట్రంలో పారాగ్లైడింగ్, రాఫ్టింగ్‌లను ఏటా జులై 15 నుండి సెప్టెంబరు 15 వరకు నిలిపివేస్తారు.

ఈ నియమం అన్ని లోయలకూ ఒకే విధంగా వర్తించదు. పీర్ పంజాల్ శ్రేణి రుతుపవన మేఘాలను చాలావరకు అడ్డుకుంటుంది. దానికి ఉత్తరాన ఉన్న లాహౌల్, స్పితి ప్రాంతాలు వర్షచ్ఛాయలో ఉంటాయి. కులూ లోయ తడిసి ముద్దవుతున్న జులై, ఆగస్టు నెలల్లోనే అక్కడ ట్రెక్కింగ్ సాగుతుంది. రోహ్‌తాంగ్ కనుమ కింద నిర్మించిన అటల్ సొరంగం 2020లో ప్రారంభమైన తరువాత ఈ రెండు వాతావరణాల మధ్య ప్రయాణం నిమిషాల పనిగా మారింది. దారి దగ్గరైనంత మాత్రాన వాతావరణాల తేడా తగ్గలేదన్న సంగతిని యాత్రికుడు మరువరాదు.

ఎవరెస్టు ఆరోహణ ఎక్కువగా మే నెల ద్వితీయార్ధంలోనే జరగడానికి కూడా ఇటువంటి కారణమే ఉంది. మిగిలిన కాలంలో చాలావరకు శిఖరాన్ని తాకే అతివేగపు జెట్ గాలులు రుతుపవనాలకు ముందు ఉత్తరానికి జరుగుతాయి. అప్పుడు కొద్ది రోజులపాటు గాలి నెమ్మదిస్తుంది. పూర్ణ శిఖరం చేరిన తేదీ ఆ కొద్ది రోజుల్లోనిదే.

3. గంట నిర్ణయించే హద్దు:
హిమనదాల నుండి పుట్టే వాగులకు రోజువారీ ఆటుపోట్లు ఉంటాయి. రాత్రి చలికి మంచు కరగడం మందగిస్తుంది కనుక తెల్లవారుజామున నీరు తక్కువగా ఉంటుంది. ఎండ ఎక్కేకొద్దీ కరిగిన నీరు దిగివచ్చి మధ్యాహ్నం, సాయంత్రం వేళకు ప్రవాహం పెరుగుతుంది. పొద్దున మోకాలి లోతున దాటిన వాగు సాయంత్రానికి నడుమును దాటవచ్చు. కులూ లోయను లాహౌల్‌తో కలిపే హంప్టా కనుమ వంటి మార్గాల్లో మార్గదర్శకులు వాగులను ఉదయమే దాటించడానికి కారణం ఇదే. ఎండకు మెత్తబడిన మంచులో కాళ్లు దిగబడటం, పైనుండి రాళ్లు జారడం కూడా మధ్యాహ్నం తరువాతే ఎక్కువ. శిఖరారోహకులు అర్ధరాత్రి దాటగానే బయలుదేరడం గట్టిపడిన మంచుపై నడిచి, అది మెత్తబడకముందే తిరిగి రావడానికి.

పారాగ్లైడింగ్‌లో ఇదే ఎండ సహాయకారి అవుతుంది. కాంగ్రా జిల్లాలోని బీర్ బిల్లింగ్ 2015లో పారాగ్లైడింగ్ ప్రపంచకప్ పోటీలకు వేదికైంది. సుమారు 2,400 మీటర్ల ఎత్తున ఉన్న బిల్లింగ్ నుండి ఎగిరినవారు దిగువన ఉన్న బీర్ వద్ద దిగుతారు. ధౌలాధార్ వాలులపై ఎండ పడి నేల వేడెక్కినప్పుడు దానికి ఆనుకున్న గాలి తేలికై పైకి లేస్తుంది. ఇంజను లేని ఈ రెక్కను గంటల తరబడి నిలబెట్టేది ఆ ఊర్ధ్వవాయువే. అదే ప్రక్రియ మితిమీరితే గాలి అల్లకల్లోలమవుతుంది, ఉరుముల మేఘాలు ఏర్పడతాయి. మేఘం ఎదిగే తీరును గమనించి సకాలంలో నేలకు దిగడం ఈ క్రీడలో ఎగరడం కన్నా పెద్ద విద్య.

నదికి సూర్యుడితో పాటు మరో గడియారం కూడా ఉంది. బియాస్ లోయలో జలవిద్యుత్ కేంద్రాలున్నాయి. వాటి ఆనకట్టల గేట్లు తెరిస్తే దిగువన ప్రవాహం నిమిషాల్లో మారిపోతుంది. థలౌట్ వద్ద జరిగింది అదే. 126 మెగావాట్ల లార్జి ప్రాజెక్టు ఆనకట్ట నుండి విడుదలైన నీరు, సాయంత్రం వేళ నదిలోని బండలపై ఉన్న విద్యార్థులను ముంచెత్తింది. దూరప్రాంతం నుండి వచ్చినవారికి ఆ ప్రశాంతమైన నీటిని చూసి ఈ ప్రమాదాన్ని ఊహించే అవకాశం లేదు. కనుక ఈ విషయంలో జాగ్రత్త బాధ్యతను యాత్రికులపైనే మోపడం న్యాయం కాదు. నది పొడవునా వినిపించే సైరను, కనిపించే హెచ్చరిక ఫలకం, స్థానికుడైన మార్గదర్శకుడు వేసవి విహారానికి కనీస అవసరాలు.

4. శరీరం నిర్ణయించే హద్దు:
మూడవ కాలపరిమితి మనిషి దేహంలోనే ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ వాయుపీడనం తగ్గుతుంది. సుమారు 5,500 మీటర్ల వద్ద అది సముద్రమట్టంలో ఉన్నదానిలో సగమే. ఒక్కో శ్వాసలో అందే ప్రాణవాయువు ఆ మేరకు తగ్గుతుంది. 2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిస్సత్తువ, నిద్రలేమి వంటి లక్షణాలు కనిపించవచ్చు. నిర్లక్ష్యం చేస్తే ఊపిరితిత్తుల్లో నీరు చేరడం, మెదడు వాయడం వంటి ప్రాణాంతక స్థితులు ఏర్పడతాయి. వాటికి మొదటి చికిత్స వెంటనే కిందికి దిగడమే.

సుమారు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదు నుండి విమానంలో, బస్సులో బయలుదేరినవారు రెండు రోజుల్లోనే 3,978 మీటర్ల రోహ్‌తాంగ్‌పై నిలబడగలరు. వాహనం అంత వేగంగా ఎక్కగలదు గాని, దేహం ఎక్కలేదు. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస చేసే ఎత్తును రోజుకు 500 మీటర్లకు మించి పెంచకూడదనీ, మూడు నాలుగు రోజులకొకసారి విశ్రాంతి దినం ఉండాలనీ వైద్యులు సూచిస్తారు. యువకులకు, వ్యాయామం చేసేవారికి ఈ నియమం నుండి మినహాయింపు లేదు.

5. శిక్షణ:
ఈ మూడు హద్దులనూ నేర్పే సంస్థలు మనదేశంలో చాలాకాలంగా ఉన్నాయి. ఎవరెస్టు తొలి ఆరోహణ జరిగిన మరుసటి ఏడాది, 1954లో, డార్జిలింగ్‌లో హిమాలయ పర్వతారోహణ సంస్థ ఏర్పడింది. మనాలీలోని సంస్థ 1961లో మొదలైంది. పూర్ణ కూడా భువనగిరి బండపై శిలారోహణతో ప్రారంభించి, డార్జిలింగ్‌లోనూ, లడఖ్ చలిలోనూ శిక్షణ పొందిన తరువాతనే ఎవరెస్టుకు వెళ్లింది. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదివిన ఆ బాలికను శిఖరం చేర్చిన వాటిలో ధైర్యంతో పాటు ఈ క్రమశిక్షణ కూడా ఉంది.

6. ఉపసంహారం:
వేసవి కొండలు సెలవుల సంతోషానికి అనువైనవే. ఆ సంతోషం నిలవాలంటే ఎక్కడికి వెళ్తున్నామన్న ప్రశ్నతో పాటు ఏ నెలలో, ఏ గంటకు, ఎన్ని రోజుల విరామంతో వెళ్తున్నామన్న ప్రశ్నలు కూడా వేసుకోవాలి. విహారయాత్రలు నిర్వహించే విద్యాసంస్థలు ప్రయాణపట్టికతో పాటు ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలను తల్లిదండ్రులకు ముందుగా తెలియజేయడం మంచి సంప్రదాయం కాగలదు. 2014 జూన్‌లో తిరిగిరాని ఆ పిల్లల పట్ల సమాజం చూపగల గౌరవం అది.