కూలెంట్ లీకు... పట్టేస్తే పనోడే!

పాత కారుకు రోజూ నీళ్లు పోసి నెట్టుకొస్తున్నారా? మెకానిక్ షెడ్డులో పని నేర్చుకుంటున్నారా? ఐటీఐలో చేరే ఆలోచన ఉందా? అయితే ఈ ఒక్క పని క్షుణ్నంగా తెలుసుకోండి. లీకు ఎక్కడో కచ్చితంగా చెప్పగలిగిన కుర్రాడికి ఏ షెడ్డులోనైనా విలువ ఉంటుంది.

కొయ్యూరు నుంచి చింతపల్లి వైపు వెళ్లే బండికి ఎత్తు, వంపు, బరువు మూడూ పరీక్షే. మైదానంలో బాగానే తిరిగిన పాత మారుతి 800, సుమో, జీపు ఘాట్‌లో సెకండ్ గేరు పడేసరికి టెంపరేచర్ ముల్లును ఎర్రగీత దాకా లేపేస్తాయి. ఆ బండే జీవనాధారమైన డ్రైవరుకు ఇది చిన్న విషయం కాదు. వంద, రెండొందల క్లాంపుతో పోయేది పట్టించుకోకపోతే హెడ్ వంగిపోయి వేలల్లో ఖర్చవుతుంది. ఇంజిన్ పట్టేసిందంటే ఇక ఆ నెల సంపాదన షెడ్డుకే.

నీళ్లు చాలవా?

చాలవు. సముద్రమట్టానికి వెయ్యి మీటర్ల ఎత్తులో మామూలు నీళ్లు సుమారు 97 డిగ్రీలకే మరుగుతాయి. చాలా ఇంజిన్లలో థర్మోస్టాట్ తెరుచుకునేదే 82-88 డిగ్రీల మధ్య. అంటే మిగిలిన తేడా ఎంత తక్కువో చూడండి. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, రేడియేటర్‌కు మంచి ప్రెషర్ మూత ఉంటే 120 డిగ్రీలు దాటినా మరగదు. లీకుంటే ఆ ప్రెషర్ నిలవదు. అందుకే చిన్న చెమ్మ కూడా ఘాట్‌లో పెద్ద సమస్య అవుతుంది. బోరు నీళ్లు పోస్తే మరో తంటా. లోపల సున్నం పేరుకుని సన్నటి గొట్టాలు పూడుకుపోతాయి, ఇనుప భాగాలు తుప్పు పడతాయి.

ముందు చేయి జాగ్రత్త

ఇంజిన్ వేడిగా ఉండగా రేడియేటర్ మూత తిప్పొద్దు. లోపలి ద్రవం ఒక్కసారిగా ఎగజిమ్మి ముఖం, చేతులు కాలుతాయి. బండి పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, పై హోస్ పైపు చేత్తో పట్టుకోగలిగేంత చల్లారాకే మూత ముట్టుకోండి. కాగిన ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరించడం కూడా తప్పే. హెడ్డో, బ్లాకో పగులుతుంది.

లీకు పట్టే వరస ఇదీ

1. కింద చూడండి: రాత్రి బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున్నే మరక ఎక్కడ పడిందో చూడండి. రంగూ వాసనా లేని నీళ్లయితే ఏసీవి. ఆకుపచ్చ, ఎరుపు లేదా నీలం రంగులో, వేలికి జిగురుగా, తీపి వాసనతో ఉంటే కూలెంట్.

2. పైన చూడండి: హోస్ పైపుల చివర్లు, క్లాంపుల దగ్గర తెల్లగా లేదా ఆకుపచ్చగా ఎండిన చారలున్నాయా? పైపు నొక్కితే పగుళ్లు కనిపిస్తున్నాయా? అల్యూమినియం రేడియేటర్‌లో ప్లాస్టిక్ ట్యాంకు అతుక్కునే అంచును, వాటర్ పంపు కింద ఉండే చిన్న రంధ్రాన్ని తప్పక చూడండి. ఆ రంధ్రం నుంచి కారుతోందంటే పంపు సీలు పోయినట్టే.

3. ప్రెషర్ పెట్టండి: కంటికి కనిపించకపోతే ప్రెషర్ టెస్టర్ కావాలి. చల్లటి ఇంజిన్‌కు మూత స్థానంలో దాన్ని బిగించి, మూత మీద రాసి ఉన్న అంకె (0.9, 1.1 లాంటివి) వరకే పంపు కొట్టండి. అంతకు మించొద్దు. పది, పదిహేను నిమిషాల్లో ముల్లు దిగితే లీకు ఉన్నట్టే. ఈలోగా ఎక్కడ చెమ్మ పుడుతుందో టార్చి వేసి వెతకండి. మూతను కూడా విడిగా పరీక్షించండి. చాలాసార్లు దొంగ అదే.

4. బయట లేకపోతే లోపల: ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉండి, అద్దానికి జిడ్డు ఆవిరి పడుతుంటే హీటర్ కోర్‌ను అనుమానించండి. సైలెన్సర్ నుంచి ఆగని తెల్లపొగ, ఆయిల్ మూత కింద మీగడలాంటి పొర, ఇంజిన్ నడుస్తుంటే రేడియేటర్‌లో బుడగలు... ఇవి హెడ్ గ్యాస్కెట్ పోయిందనడానికి గుర్తులు. ఒక్క గుర్తుతోనే హెడ్ విప్పేయొద్దు. చలికాలం పొద్దున కాసేపు తెల్లపొగ మామూలే. కూలెంట్‌లో పొగ వాయువు కలిసిందో లేదో చెప్పే నీలిరంగు ద్రవంతో పరీక్ష చేయండి. అది పసుపుగా మారితే సందేహం తీరినట్టే.

పసుపు వేయొచ్చా?

రేడియేటర్‌లో పసుపు వేస్తే లీకు ఆగుతుందని చాలామంది డ్రైవర్లు చెబుతారు. ఆగినా కొద్దిసేపే. సందులు పూడ్చే పొడి మంచి గొట్టాలనూ పూడుస్తుంది. పైపు చిరిగితే పైపు, మూత వదులైతే మూత మార్చాలి. పాత ఇత్తడి రేడియేటర్‌కు టంకం పెట్టించొచ్చు. ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే మాత్రం మార్చడమే మేలు. హెడ్ విప్పాల్సి వస్తే వంపు ఉందేమో స్టీలు పట్టీ, ఫీలర్ గేజ్‌తో చూడండి. మాన్యువల్‌లో ఇచ్చిన పరిమితి దాటితే లేత్ షాపులో ఫేసింగ్ చేయించాకే కొత్త గ్యాస్కెట్ వేయాలి. బోల్టులు టార్క్ రెంచ్‌తో, చెప్పిన వరసలోనే బిగించాలి.

పని అయ్యాక కొత్త కూలెంట్ పోస్తూ, హీటర్ పూర్తిగా తిప్పి, గాలి బుడగలు పోయేదాకా ఇంజిన్ నడపండి. మర్నాడు చల్లటి ఇంజిన్‌తో మట్టం మళ్లీ చూడండి. తీసిన పాత కూలెంట్‌ను గెడ్డలో పారబోయొద్దు. అందులోని ఇథిలీన్ గ్లైకాల్ విషం. తీపిగా ఉండటంతో కుక్కలు నాకి చనిపోతాయి.

దీన్నే ఉపాధిగా...

పదో తరగతి పాసైతే ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్, ఏడాది మెకానిక్ డీజిల్ ట్రేడ్‌లు ఉన్నాయి. పాలిసెట్ రాసి మూడేళ్ల ఆటోమొబైల్ డిప్లొమాలోనూ చేరొచ్చు. ఐటీఐ అయ్యాక కేంద్రం నడిపే అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో పేరు నమోదు చేసుకోండి. ఆర్టీసీ కూడా ఐటీఐ పాసైనవారిని అప్రెంటిస్‌లుగా తీసుకుంటుంది. ప్రకటన ఎప్పుడు వస్తుందో డిపోలో కనుక్కుంటూ ఉండండి.

ఎలక్ట్రిక్ బండ్లు వస్తే ఈ పనికి కాలం చెల్లుతుందన్న బెంగ వద్దు. చాలా ఎలక్ట్రిక్ కార్లలో బ్యాటరీని చల్లబరిచేదీ కూలెంటే. హోస్‌లు, పంపు, రేడియేటర్ అక్కడా ఉంటాయి. కాకపోతే హై వోల్టేజ్ భద్రతలో శిక్షణ పొందాకే వాటి జోలికి వెళ్లాలి.

ఇప్పుడే షెడ్డులో ఉన్నవాళ్లు ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ఏ బండి, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, లీకు ఎక్కడ దొరికింది, ఏం మార్చారు... నాలుగు ముక్కలు రాసుకుంటే చాలు. రేపు ఇంటర్వ్యూలో ‘నీకేం వచ్చు?’ అని అడిగితే ఆ పుస్తకం తెరిచి చూపించొచ్చు.