నామినీ వారసుడేనా? ఆస్తి పరిభాషపై ఒక పరిశీలన

హైటెక్ సిటీ ఉద్యోగి డీమ్యాట్ ఖాతా తెరిచేటప్పుడు నామినీగా తల్లి పేరు రాస్తాడు. వివాహానంతరం దానిని మార్చడు. కంపెనీ షేర్ల విషయంలో నామినేషన్ వారసత్వ చట్టాన్ని తోసిపుచ్చదని 2023లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. నామినీ ఆస్తిని స్వీకరిస్తాడు, అంతమాత్రాన యజమాని కాడు. వీలునామా రాయకుండా మరణించిన హిందూ పురుషుని ఆస్తిలో తల్లి, భార్య, సంతానం 1956 చట్టం ప్రకారం సమాన వాటాదారులు. తండ్రి రెండవ తరగతి వారసుడు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

‘వీలునామా’ ఆంగ్ల ‘విల్’కు పారశీక ‘నామా’ చేరిన సంకరపదం. దానికి ఇద్దరు సాక్షుల సంతకాలు తప్పనిసరి, రిజిస్ట్రేషన్ ఐచ్ఛికం.

బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం న్యాయవాదులు ప్రకటనలు ఇవ్వరాదు. కనుక తెలిసినవారిని విచారించి, తెలంగాణ బార్ కౌన్సిల్ నమోదును సరిచూసుకొని, నామినీకీ వారసునికీ గల భేదాన్ని ముందుగా అడగాలి.