డిసెంబరు బిడ్డకు మందెక్కువ!

లక్షల చీటీలు కలిపి చదివితే తేలిన నిజం.. సరిహద్దు పిల్లల చీటీలు మాత్రం చెల్లాచెదురు

బెంగళూరు: పిల్లాడు ఒక్కచోట కూర్చోడు. చెప్పేది పూర్తిగా వినకుండానే లేచిపోతాడు. పక్కవాణ్ని గిల్లుతాడు. ఇంట్లో పెద్దలు పెంకితనమని సరిపెట్టుకుంటారు. బడిలో టీచరమ్మ మాత్రం ఒకసారి డాక్టరుకు చూపించమంటుంది. అక్కడ ఏడీహెచ్‌డీ అని పేరు పెడతారు. ఏకాగ్రత కుదరకపోవడం, అతి చురుకుదనం దీని లక్షణాలు. అవసరమనుకుంటే మందు రాస్తారు. ఒక్క బిడ్డ చీటీ చూస్తే ఇందులో వింతేమీ కనిపించదు. లక్షల మంది చీటీలు ఒకచోట కుప్ప పోసి చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో అదే చేశారు. అక్కడ మందుల దుకాణంలో చీటీ మీద కొన్న ప్రతి మందూ కంప్యూటరులోకి ఎక్కుతుంది. 1997 నుంచి 2008 దాకా 6 - 12 ఏళ్ల మధ్య వయసున్న 9,37,943 మంది పిల్లల రికార్డులు తీశారు. మందుల లెక్క పక్కన పుట్టిన నెల రాసి చూశారు. 2012లో ఫలితం వెల్లడించారు. జనవరిలో పుట్టిన మగపిల్లలతో పోలిస్తే డిసెంబరులో పుట్టినవాళ్లకు ఏడీహెచ్‌డీ అని తేల్చడం 30 శాతం ఎక్కువ, మందు రాయడం 41 శాతం ఎక్కువ. ఆడపిల్లల్లోనైతే తేడా ఏకంగా 70, 77 శాతం!

నెలనుబట్టి జబ్బు రాదు కదా.. మరి కారణం? బడి గడువు. అక్కడ డిసెంబరు 31 నాటికి వయసు లెక్కగట్టి తరగతిలో చేరుస్తారు. జనవరిలో పుట్టినవాడు, డిసెంబరు చివర్లో పుట్టినవాడు ఒకే బెంచీ మీద కూర్చుంటారు. ఇద్దరి మధ్య దాదాపు ఏడాది తేడా. ఆరేళ్ల ప్రాయంలో ఏడాదంటే మాటలా! చిన్నవాడు వయసుకు తగ్గట్టే గంతులేస్తున్నా, పెద్దవాడి పక్కన చూసేసరికి అది జబ్బులా కనబడింది. అందరి విషయంలోనూ ఇదే జరిగిందని కాదు. నిజంగా మందు అవసరమైన పిల్లలూ అందులో ఉన్నారు. డెన్మార్క్‌లో 2014లో వెలువడిన ఇలాంటి అధ్యయనంలో అంత తేడా కనిపించలేదు. అక్కడ ఇంకా ఎదగలేదనిపించిన పిల్లల్ని ఏడాది ఆగి బడికి పంపే అలవాటుంది.

మన దగ్గర ఈ లెక్క కట్టబోతే మొదట్లోనే చిక్కు. బడిలో చేర్చేనాడు హెడ్మాస్టరు వేసిన జూన్ తేదీయే పుట్టినరోజుగా మిగిలిపోయినవాళ్లు ఎన్ని ఇళ్లలో లేరు?

గుండె భయం తగ్గింది.. చక్కెర భయం పెరిగింది

ఏడీహెచ్‌డీ మందులతో పిల్లల గుండెకు ముప్పని అమెరికాలో ఒకప్పుడు గగ్గోలైంది. 2 నుంచి 24 ఏళ్ల మధ్య వయసున్న 12 లక్షల మంది రికార్డులు తిరగేశారు. తీవ్రమైన గుండె సంఘటనలు 81 మాత్రమే. మందు వాడేవాళ్లలో ముప్పు పెరిగిన దాఖలా దొరకలేదని 2011లో తేల్చారు. ముప్పు అసలే లేదని మాత్రం అనలేదు, ఉన్నా చాలా స్వల్పమన్నారు.

ఇంకో మందుల జాతి విషయంలో లెక్క ఎదురు తిరిగింది. రిస్పెరిడోన్ లాంటివి మతిభ్రమణకే కాదు, పిల్లల్లో మొండి కోపానికీ, దూకుడుకూ రాస్తుంటారు. టెనెస్సీ రాష్ట్రంలో పేదల ఆరోగ్య పథకం రికార్డుల్లోంచి, ఈ మందులు మొదలుపెట్టిన దాదాపు 29 వేల మంది పిల్లలు, యువకుల్ని ఏరారు. వేరే మానసిక మందులు మొదలుపెట్టినవాళ్లతో పోల్చారు. టైప్-2 చక్కెర వ్యాధి ముప్పు మూడు రెట్లుందని 2013లో బయటపెట్టారు. ఒక డాక్టరు తన గదిలో కూర్చుని పసిగట్టగలిగింది కాదిది.

అయితే చీటీకీ హద్దులున్నాయి. మందు కొన్నట్టు చెబుతుంది, బిడ్డ మింగినట్టు చెప్పదు. ఎందుకు మార్చారో చాలాసార్లు రాయరు.

ఒకే బిడ్డ.. మూడు సంచులు

ముళబాగిలు, బాగేపల్లి, పావగడ, బళ్లారి, హోసూరు.. ఎటునుంచైనా ఫిట్స్, బుద్ధిమాంద్యం, ఆటిజం అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేది బెంగళూరులోని నిమ్హాన్సే. ఒక ఫైలు అక్కడ ఉంటుంది. ఊళ్లో డాక్టరు రాసిన చీటీ ఇంకోచోట. అమ్మమ్మగారింటికి చిత్తూరో, హిందూపురమో వెళ్లినప్పుడు చూపించిన కాగితం మరోచోట. ఇంట్లో మాట్లాడేది తెలుగు, కౌంటరులో కన్నడమో తమిళమో, చీటీ మీద ఇంగ్లిషు. ఇన్ని చేతులు మారేసరికి ఒకే మందు రెండు కంపెనీ పేర్లతో ఇంట్లోకొచ్చి రెట్టింపు మోతాదు పడే ప్రమాదముంది. అదే మందు అనుకోక మానేస్తే ఫిట్స్ మళ్లీ తిరగబెడతాయి.

చట్టం రోగి పక్షానే ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018లో అమల్లోకొచ్చింది. తన ప్రాథమిక వైద్య రికార్డులు చూసుకునే హక్కు రోగికి ఇచ్చింది. వివరాలు గోప్యంగా ఉంచాలనీ చెప్పింది. పిల్లల తరఫున అమ్మానాన్నలు అడగొచ్చు. 2021లో దేశమంతటా మొదలైన ఆభా పథకం కింద 14 అంకెల నంబరుంటే రాష్ట్రం మారినా రికార్డులు వెంట వస్తాయి. అదీ మన అనుమతితోనే. నంబరు తీసుకున్నంత మాత్రాన సంచిలోని పాత చీటీలు వాటంతటవి అందులోకి ఎక్కవు మరి!

అందాకా ఇరవై రూపాయల నోటుబుక్కే దిక్కు. తేదీ, మందు అసలు పేరు, మోతాదు, ఎవరు మార్చారు, ఎందుకు.. డాక్టరునో, నర్సునో అడిగి అక్కడికక్కడే రాయించుకోవాలి. వెళ్లిన ప్రతిసారీ బిడ్డ బరువు వేయించాలి. పిల్లల మందు మోతాదు చాలావరకు బరువునుబట్టే ఉంటుంది. రిస్పెరిడోన్ లాంటివి వాడుతుంటే బరువు పెరుగుదల, రక్తంలో చక్కెర గమనించమని డాక్టరును అడగాలి. ఇది చదివి మందు మాత్రం సొంతంగా ఆపకూడదు.