పటాలం బండి, పాలమూరు ఎండ

సైన్యం వేలంలో వదిలించుకున్న చిన్న ట్రైలర్‌ను కొద్దిపాటి డబ్బుతో మళ్లీ రోడ్డెక్కించాలనుకునేవాళ్లు ఎక్కువగా రంగు దగ్గర మొదలుపెడతారు. వెల్డింగ్ షాపులో రేకుకు నాలుగు అతుకులు వేయించి, పైన లప్పం పూసి, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు, ఎనామిల్ ఒక కోటు కొట్టించేస్తారు. రెండు వానాకాలాలు గడిచేసరికి ఆ రంగు పొక్కులు లేచి, పొక్కుల కింద తుప్పు బయటపడుతుంది. అప్పుడు బండిదే తప్పంటారు, పాత ఇనుము ఇంతేనంటారు. నా వాదన వేరు. ఇరుసు, బేరింగు, కమాన్‌పట్టీలాగే రంగు కూడా ఈ బండిలో ఒక యంత్రభాగం. ఇనుమును నీటికి అందకుండా ఉంచడం దాని పని. ఆ పనికి తగ్గట్టు దాన్ని బిగించడంలో ఖర్చయ్యేది డబ్బు కంటే చేతికష్టం. అందువల్ల ఉమ్మడి నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాల్లాంటి మెట్టప్రాంతంలో పాత ట్రైలర్‌ను తక్కువ ఖర్చుతో బాగుచేసుకోవడం పూర్తిగా సాధ్యం, పనుల వరస తప్పకపోతే చాలు.

వరస ఎందుకు ముఖ్యమో తెలియాలంటే ఈ బండి ఎలా పుట్టిందో చూడాలి. 1940లో అమెరికా సైన్యం ఒక తేలికపాటి నిఘా వాహనం కావాలని కంపెనీలను అడిగింది. పెన్సిల్వేనియా రాష్ట్రంలోని బట్లర్ ఊళ్లో చిన్న కార్లు చేసుకునే అమెరికన్ బాంటమ్ కంపెనీ కార్ల్ ప్రోబ్‌స్ట్ అనే ఇంజనీరును పిలిపించుకుని, 49 రోజుల గడువులో నమూనా సిద్ధంచేసి, సెప్టెంబర్ 23న అప్పజెప్పింది. జీపుకు తొలి రూపం అదే. కానీ యుద్ధానికి కావలసిన బండ్లు లక్షల్లో ఉన్నాయి, అంత సత్తా ఆ చిన్న కంపెనీకి లేదని సైన్యం అనుకుంది. పెద్ద ఆర్డర్లన్నీ విల్లీస్‌కు, ఫోర్డ్‌కు పోయాయి. ఆ రెండూ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేస్తే, జీపును కనిపెట్టిన బాంటమ్ చేసినవి మూడు వేలు కూడా దాటలేదు. దానికి మిగిలింది జీపు వెనక తగిలించే పావు టన్ను ట్రైలర్. ఆ కంపెనీ పడిన కష్టానికి ఇది అన్యాయమైన ప్రతిఫలమే అయినా, చేసిన ట్రైలర్ మాత్రం అద్భుతం. ఆరడుగుల ఇనుప తొట్టి, దాని కింద ఒకే ఇరుసు, రెండు కమాన్‌పట్టీల కట్టలు, ముందు గుండ్రటి లాగుడు రింగు, నిలిపినప్పుడు ఆనుకోవడానికి ఒక కాలు, హ్యాండ్ బ్రేకు, అంతే. ఖాళీ బరువు 250 కిలోలు. మంచి రోడ్డు మీద 450 కిలోలు, రోడ్డు లేనిచోట అందులో సగం మోస్తుంది. చక్రాలు జీపుకు వాడే 6.00-16 సైజువే కాబట్టి ఒకదాని టైరు ఇంకోదానికి పనికొచ్చేది. యుద్ధం అయ్యాక ఇదే నమూనాను బాంటమ్ రైతులకూ అమ్మింది. తర్వాతి కాలంలో ఎన్నో సైన్యాల చిన్న ట్రైలర్లు దాదాపు ఈ పద్ధతిలోనే వచ్చాయి.

దక్కన్‌కు సైనిక వాహనాలు కొత్త కాదు. హైదరాబాద్ సంస్థానం మీద 1948 సెప్టెంబర్ 13న మొదలైన పోలీసు చర్యలో ఒక దళం బెజవాడ వైపు నుంచి సూర్యాపేట, నార్కట్‌పల్లి దారిన వచ్చింది. నిజాం సేన వెనక్కు తగ్గుతూ మూసీ వంతెనను పేల్చేస్తే, భారత దళాలు వెంటనే దాన్ని బాగుచేసుకుని దాటాయి. 1951 అక్టోబర్‌లో తెలంగాణ సాయుధ పోరాట విరమణ దాకా నల్లగొండ పల్లెల్లో సైన్యం తిరుగుతూనే ఉంది. అప్పటి భారత సైన్యం వాహనాల్లో ఎక్కువ భాగం రెండో ప్రపంచ యుద్ధం మిగిల్చినవే. యుద్ధపు మిగులు వ్యవసాయంలోకి రావడమూ ఆ రోజుల్లోనే మొదలైంది. 1947లో కేంద్ర ప్రభుత్వం ఏర్పాటుచేసిన సెంట్రల్ ట్రాక్టర్ ఆర్గనైజేషన్, అమెరికన్ సైన్యం ఇక్కడ వదిలిపోయిన ట్రాక్టర్లతోనే బీడు భూములు దున్నడం ఆరంభించింది. కనుక పటాలం బండి పొలానికి రావడం ఈ దేశంలో వింతేమీ కాదు. ఈ రోజుకీ మిగులు సామగ్రి ప్రభుత్వ వేలాల్లోనే బయటికి వస్తుంది. కొనేవాడు మొదట చూడవలసింది వేలం కాగితాలు. అవి లేని బండికి రిజిస్ట్రేషన్ కాదు, ఎంత చవకగా వచ్చినా దండగే.

ఇక బండి దగ్గరికి వద్దాం. బాంటమ్ తొట్టిని నీళ్లు చొరకుండా చేశారు. ఏరు అడ్డం వస్తే ట్రైలర్ పడవలా తేలుతూ దాటాలని యుద్ధకాలపు కోరిక. దాటాక లోపల చేరిన నీళ్లు పోవడానికి అడుగున బిరడాలు పెట్టారు. యుద్ధంలో ప్రాణం కాపాడిన ఈ గుణమే తర్వాత బండికి మృత్యువవుతుంది. చెట్టు కింద ఏళ్ల తరబడి నిలిపిన ట్రైలర్‌లో ఆకులు రాలి, మట్టి పేరుకుని, బిరడాలు బిగుసుకుపోతాయి. ఒక్క వానకు చేరిన నీరు వారాలకొద్దీ అడుగునే ఉంటుంది. అందుకే పాత ట్రైలర్లలో పక్కరేకులు గట్టిగా ఉండి, అడుగురేకు మాత్రం, అదీ అంచుల వెంట, జల్లెడైపోయి కనిపిస్తుంది. బాగుచేయడానికి దిగేవాడు ముందు బిరడాలు విప్పాలి, విప్పలేకపోతే కోసి తీసేయాలి. నీరు నిలిచే ప్రతి మూలకూ ఒక దారి చేయాలి. రంధ్రం పడిన రేకు మీద ఇంకో రేకు కప్పి వెల్డింగ్ చేయడం చవకగా కనిపిస్తుంది, కానీ రెండు రేకుల మధ్య నీరు చేరి అక్కడి నుంచి కదలదు. తుప్పు తాను తిన్న ఇనుము కంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి, ఆ ఉబ్బుకు వెల్డింగే చీలిపోతుంది. పాడైన ముక్కను పూర్తిగా కోసేసి, అంచుకు అంచు కలిపి కొత్త ముక్క వేయించాలి. కూలి కొంత ఎక్కువవుతుంది, రేకు ఖర్చు అంతే.

ఇంత శ్రమ వృథా, పాత ఇనుము తుప్పు ఆగదు అనేవాళ్లకు ఈ నేల వాతావరణమే జవాబు. ఇనుము తుప్పు పట్టాలంటే నీరూ ఆక్సిజనూ రెండూ కావాలి. గాలిలో తేమ 60 శాతం దాటాకే ఆ పని జోరందుకుంటుంది, ఉప్పు తోడైతే మరీను. సముద్రపు గాలి తగలని ఈ ప్రాంతంలో ఏడాది వర్షం సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్లు, అదీ నాలుగైదు నెలల్లోనే. కాకినాడ, మచిలీపట్నం తీరంలో ఇదే బండి పడే అవస్థ దేవరకొండలోనో నారాయణపేటలోనో పడదు. ఇక్కడ రంగుకు అసలు శత్రువు ఎండ. ఎనామిల్‌లోని జిగురు పదార్థాన్ని అతినీలలోహిత కిరణాలు విరగ్గొడతాయి. చేత్తో రుద్దితే తెల్లటి పొడి రాలడం అందుకే. ముదురు ఎరుపు త్వరగా వెలుస్తుంది, లేత బూడిద, ఇసుక రంగులు ఎక్కువ కాలం నిలుస్తాయి, తొట్టి కూడా తక్కువ వేడెక్కుతుంది. పని చేసే కాలం కూడా ఎండే నిర్ణయిస్తుంది. మే నెలలో నల్లగొండ ఎండలో నిలిపిన రేకు చేయి పెట్టనివ్వదు. కొట్టిన రంగు సర్దుకోకముందే పైపొర ఆరిపోయి ముడతలు పడుతుంది. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. అప్పుడైనా తెల్లవారుజామున రేకు మీద మంచు చేరుతుంది కాబట్టి, పొద్దెక్కి రేకు పొడిబారాకే బ్రష్ పట్టాలి.

తక్కువ డబ్బున్నవాడికి అసలు సాయం చేసేది గీకుడు. ఊడే రంగునూ పొలుసు తుప్పునూ సుత్తితో, స్క్రేపర్‌తో రాల్చి, వైరుబ్రష్ వేసి, చివర ఎమరీతో రుద్దాలి. గ్రైండర్‌కు వైరుబ్రష్ తగిలించి తిప్పితే పని త్వరగా అయినట్టు ఉంటుంది, కానీ తరచూ అది తుప్పును తీయకుండా మెరుగుపెట్టి వదిలేస్తుంది. నల్లగా నిగనిగలాడే ఆ పొర మీద ప్రైమర్ పట్టదు. గుంటల్లో మిగిలిన తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లమో, టానిన్ ఉన్న రస్ట్ కన్వర్టరో పూస్తే అది గట్టి పొరగా మారుతుంది. మన తంగేడు చెక్కలో తోలు ఊనడానికి పనికొచ్చే టానిన్ ఈ జాతిదే. పాత సైనిక రంగుల్లో సీసం, క్రోమేటు ఉండే అవకాశం ఎక్కువ. ఇంటి రంగుల్లో సీసాన్ని 90 పీపీఎంకు పరిమితం చేసిన నిబంధనలు మన దేశంలో 2016లో గానీ రాలేదు. కాబట్టి పొడిగా రుద్దకూడదు, గ్యాస్ మంటతో కాల్చకూడదు. నీళ్లు చల్లుతూ రుద్ది, మూతికి మంచి మాస్కు కట్టుకుని, పిల్లల్ని దూరంగా ఉంచి, ఆ చెత్తను గుడ్డలో మూటగట్టాలి. ఇసుక బ్లాస్టింగ్ దుమ్ములోని సిలికా ఊపిరితిత్తుల్ని తినేస్తుంది, పొదుపు పేరుతో ఆ పని ఇంటి ముందు చేయించడం నేరం కిందే లెక్క.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, దాన్ని మెకానిక్కులు కూడా తరచూ పట్టించుకోరు. గీకాక బండిని బోరు నీళ్లతో కడిగి ఆరబెట్టి, వెంటనే ప్రైమర్ కొడతారు. నల్లగొండ బోర్లంటే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది, కానీ రంగుకు చేటు చేసేది ఆ నీళ్లలో కరిగి ఉన్న మొత్తం లవణాలు. నీరు ఆవిరయ్యాక అవి సన్నటి తెల్లపొరగా రేకు మీద మిగులుతాయి. ప్రైమర్ కింద చిక్కుకున్న ఉప్పు, రంగుపొర గుండా వచ్చే తేమను తన వైపు లాక్కుంటుంది. అక్కడే పొక్కు లేస్తుంది. రెండు వానాకాలాల్లో రంగు పొక్కిందంటే రంగు కంపెనీని తిట్టే ముందు ఈ కడుగుడును అనుమానించాలి. చివరిసారి కడగడానికి మిషన్ భగీరథ నల్లా నీళ్లో, పట్టి ఉంచిన వాన నీళ్లో వాడి, గుడ్డతో తుడిచి ఆరబెడితే చాలు. దీనికయ్యే ఖర్చు దాదాపు సున్నా.

ప్రైమర్ విషయంలో పాతుకుపోయిన నమ్మకం, రెడ్ ఆక్సైడ్ తుప్పును చంపుతుందని. రెడ్ ఆక్సైడ్ అంటే ఐరన్ ఆక్సైడే, రసాయనికంగా తుప్పుకు చుట్టమే. అది అడ్డుపొరగా నిలుస్తుంది తప్ప తుప్పును ఆపే గుణం దానికి లేదు. జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్‌కు ఆ గుణం కొంత ఉంది. డబ్బా ధర కాస్త ఎక్కువన్నది నిజం. లెక్క చూద్దాం. ఆరడుగుల తొట్టి లోపలా బయటా, చక్రాల మీది రెక్కలు, చాసిస్ కలిపి ఉజ్జాయింపుగా 14 చదరపు మీటర్లు. ప్రైమర్ రెండు కోట్లు, ఎనామిల్ రెండు కోట్లు, లీటరుకు పది చదరపు మీటర్లు వస్తుందనుకుంటే మొత్తం ఐదారు లీటర్లు. ఇందులో ప్రైమర్ మూడు లీటర్ల లోపే. మంచి ప్రైమర్‌కూ చవక ప్రైమర్‌కూ తేడా ఆ మూడు లీటర్ల మీదే, గీకడానికి పట్టే రోజుల కూలి ముందు అది చిన్న మొత్తం. ఆదా చేయాలంటే ప్రైమర్‌లో చేయకుండా, స్ప్రేకు బదులు బ్రష్‌తో వేసి చేయాలి. సైన్యాలు కూడా యుద్ధక్షేత్రంలో ఎన్నో బండ్లకు బ్రష్‌తోనే రంగు వేశాయి.

ఒక అభ్యంతరం బలమైనది. సైనిక బండిని దాని ఒరిజినల్ ఆలివ్ గ్రీన్‌లో నిలపకపోతే అది పునరుద్ధరణ ఎలా అవుతుంది? మ్యూజియంలో పెట్టే బండికైతే నేనూ ఒప్పుకుంటాను. కానీ రోడ్డెక్కే బండికి చట్టం ఆ దారి మూసింది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లోని 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖవి కాని వాహనాలకు ఆలివ్ గ్రీన్ వేయకూడదు. మోటారు వాహనాల చట్టం, 1988 నిర్వచనంలో ట్రైలర్ కూడా మోటారు వాహనమే. ఈ నిషేధం సరైనదే, సైన్యం ముసుగులో తిరిగే అవకాశాన్ని అది తగ్గిస్తుంది. రంగు పోతే చరిత్ర పోతుందనుకోనక్కర్లేదు. లాగుడు రింగు, ఇరుసు, తొట్టి ఆకారం, డేటా ప్లేటు, ఇవీ అసలు ఆనవాళ్లు. ట్రాక్టర్ పిన్నుకు సరిపోవాలని రింగును కోసేసేవాళ్లే చరిత్రను పోగొడుతున్నారు. మార్పు చేయాలంటే ట్రాక్టర్ వైపు హుక్కు మార్చుకోవాలి.

ఇంకో అభ్యంతరం లెక్కల మనిషిది. పాత ఇనుప సామాను కింద తూకానికి అమ్మి, కొత్త ట్రాలీ కొనుక్కోవచ్చు కదా? వడ్లు తోలడానికైతే ఆయన మాటే నిజం. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద మిర్యాలగూడ మిల్లులకు టన్నులకొద్దీ ధాన్యం మోసే పనికి పావు టన్ను బండి ఏ మూలకూ రాదు. కానీ బత్తాయి తోటలో మందు కొట్టే పంపు, ఒక డ్రమ్ము నీళ్లు, డ్రిప్ పైపుల చుట్టలు, బోరు మోటారు మోయడానికి పెద్ద ట్రాలీ అనవసరం. మొక్కల వరసల మధ్య అది తిరగదు కూడా. విడిభాగాల కరువు కూడా అంతగా లేదు. 6.00-16 సైజు మన ట్రాక్టర్లలో చాలావాటి ముందు టైరుదే, నాగర్‌కర్నూల్‌లోనైనా హుజూర్‌నగర్‌లోనైనా దొరుకుతుంది. ఒక జాగ్రత్త మాత్రం తప్పదు. ట్రాక్టర్ ముందు టైరు నెమ్మది వేగానికి తయారైంది. జీపు వెనక హైవే మీద లాగాలంటే అదే సైజులో జీపులకు చేసే టైరే వేయాలి.

ఇక ఖర్చు వరస చూస్తే, డబ్బులో మొదటి భాగం హబ్ బేరింగులకు, వాటి సీళ్లకు, ఇరుసుకు, కమాన్‌పట్టీల బోల్టులకు, లాగుడు రింగు వెల్డింగ్‌కు పోవాలి. రెండోది అడుగురేకుకు, మూడోది ప్రైమర్‌కు. పైరంగు ఆఖర్న. ఈ ట్రైలర్‌కు నడిచేటప్పుడు పనిచేసే బ్రేకు లేదు, ఉన్నది నిలిపినప్పుడు వాడే హ్యాండ్ బ్రేకే. నిండు బరువు 700 కిలోలు దిగుడులో ముందు బండిని నెడుతుంది. మనుషుల్ని ఎక్కించడమన్న ఆలోచనే రాకూడదు. 2018లో నల్లగొండ జిల్లా వద్దిపట్ల దగ్గర ఏప్రిల్‌లో, యాదాద్రి జిల్లా వేములకొండ దగ్గర జూన్‌లో కూలీలను తీసుకెళ్తున్న ట్రాక్టర్లు కాలువల్లో పడి ఇరవై మందికి పైగా చనిపోయారు, దాదాపు అందరూ పొలం పనులకు పోయే ఆడవాళ్లు. పైరంగు ఆరాక తొట్టి పక్కన పెద్ద అక్షరాలతో రాయించాల్సింది బరువు పరిమితి, మంచి రోడ్డు మీద 450 కిలోలని, రోడ్డు లేనిచోట అందులో సగమని. వెనకరేకు రెండు చివర్లా ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీ అంటించాలి, దాన్ని లప్పం మీద కాకుండా నున్నటి రంగు మీదే అంటించాలి, లేకపోతే మొదటి ఎండాకాలానికే ఊడొస్తుంది.